తాబేలు బొమ్మకు ప్లాస్టిక్ రంగా?

సంపాదకులకు నమస్కారం.

గంజాం తీరంలో గోడల మీద సముద్రపు తాబేళ్ళు పెరుగుతున్నాయి. బడి ప్రహరీ, వంతెన దిమ్మ, బస్సాగే చోటు, ఎక్కడ ఖాళీ గోడ కనిపిస్తే అక్కడ ఒక తాబేలు, పక్కన నీలి కెరటం, కింద ‘సముద్రాన్ని కాపాడండి’ అని ఒక మాట. మంచి ఉద్దేశమే. కానీ ఏ రంగుతో వేస్తున్నారు, ఏ గోడకు వేస్తున్నారు, ఎవరు చూడాలని వేస్తున్నారు అని అడిగేవాళ్ళు లేరు. సున్నం పనీ బొమ్మ పనీ తెలిసినవాళ్ళం కొందరం కలిసి రాస్తున్న ఉత్తరం ఇది. బరంపురం, ఛత్రపురం, గోపాల్‌పూర్ చుట్టుపక్కల మన తెలుగువాళ్ళుండే పల్లెల్లో ఇలాంటి పని తలపెట్టేవాళ్ళకు అక్కరకొస్తుందని మీ పత్రికకు పంపుతున్నాం.

ముందు రంగు సంగతి. బజారులో ఎమల్షన్ పేరుతో దొరికేది నీళ్ళలో కలుస్తుంది కనుక చాలామంది దాన్ని నీటి రంగు అనుకుంటారు. నీళ్ళు ఆరిపోయాక గోడ మీద మిగిలేది పలచని అక్రిలిక్ ప్లాస్టిక్ పొర. తీరంలో గోడ అడుగు నుంచి చెమ్మ పైకి పాకుతుంది, దాని వెంట ఉప్పూ వస్తుంది. గోడ పూతలో సముద్రపు ఇసుక కలిపి ఉంటే ఇక చెప్పక్కర్లేదు. చెమ్మ బయటికి పోదామంటే పొర అడ్డం. పొర వెనకాల ఉప్పు గడ్డకట్టి ఉబ్బుతుంది. ముందు బుడగలు లేస్తాయి, ఆ తర్వాత పెచ్చులూడతాయి. నేల నుంచి మూడు నాలుగు అడుగుల ఎత్తు దాకా ముందుగా పాడయ్యేది ఇందుకే. ఊడిన పెచ్చులు గాలికి ఇసుకలోకి, వానకి కాలవలోకి, అక్కడి నుంచి సముద్రంలోకి పోతాయి. ప్లాస్టిక్ పారేయొద్దని చెప్పడానికి వేసిన బొమ్మ తానే ప్లాస్టిక్ ముక్కలై తాబేలు ఉండే చోటికి చేరుతుందన్నమాట.

ఆయిల్ రంగు అయితే ఇంకో తంటా. కొత్త సిమెంటు పూత కనీసం 28 రోజులు ఆరాలి. అంతకు ముందే ఆయిల్ రంగు వేస్తే సిమెంటులోని క్షారం నూనెను సబ్బుగా మార్చేస్తుంది. రంగు జిగటగా మారి, తుడిస్తే చేతికి వస్తుంది. పైగా పాత సరుకులో సీసం ఉండొచ్చు. మన దేశంలో ఇళ్ళ రంగుల్లో సీసం 90 పీపీఎం (పది లక్షల పాళ్ళలో 90 పాళ్ళు) మించకూడదని 2016లో నిబంధన తెచ్చారు, 2017 నవంబరు నుంచి అది అమలులో ఉంది. ఎప్పుడు తయారైందో తెలియని డబ్బా చవగ్గా వస్తోందని బడి గోడకు తేవద్దు.

గోడ చెమ్మదా కాదా అన్నది తేల్చుకోవడం తేలిక. అడుగు పొడుగు, అడుగు వెడల్పు పాలిథిన్ కాగితాన్ని నాలుగు వైపులా టేపుతో గోడకు అంటించి ఒక రోజు వదిలేయాలి. మర్నాడు లోపలి వైపు నీటి చుక్కలు పడితే ఆ గోడ ఎమల్షన్‌కు పనికిరాదు. మన తీరంలో చాలా గోడలు ఈ పరీక్షలో తప్పుతాయి.

వాటికి సున్నమే సరైన మందు. సున్నపు పూతకు కంటికి కనపడని సందులుంటాయి, చెమ్మ వాటిలోంచి పోతుంది. గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకుని సున్నం మళ్ళీ సున్నపురాయి అవుతుంది. వెలిసినా రాలినా అది సుద్దపొడే, ఇసుకకు చేటు లేదు. సంక్రాంతికి ఇంటికి సున్నం కొట్టుకునే అలవాటు మనకు కొత్తది కాదు. బొమ్మను కూడా ఆ లెక్కలో వేసుకుంటే ఏడాదికో రెండేళ్ళకో ఒక పూట పని.

కొలతలు చెబుతాం. కాల్చిన రాతి సున్నం కిలోకు 5 లీటర్ల మంచినీళ్ళు. బావి నీళ్ళు ఉప్పగా ఉంటే వద్దు, పోగొట్టాలనుకున్న ఉప్పును మనమే గోడకు పట్టించినట్టవుతుంది. సున్నాన్ని నీళ్ళలో వెయ్యాలి, నీళ్ళను సున్నం మీద పొయ్యకూడదు. పోస్తే ఒక్కసారిగా ఉడికి మొహం మీదికి చిమ్ముతుంది. ఇనుప డ్రమ్ము వాడాలి, ప్లాస్టిక్ బకెట్ ఆ వేడికి మెత్తబడుతుంది. ఈ పని దగ్గరికి పిల్లల్ని రానివ్వకూడదు. చేసేవాళ్ళకు కళ్ళద్దాలు, చేతులకు కొబ్బరినూనె ఉండాలి. కంట్లో పడితే రుద్దకుండా పావుగంట ధారగా నీళ్ళు పోసి ఆసుపత్రికి వెళ్ళాలి. తెల్లసున్నం వరకే అయితే ఒక రోజు నానితే చాలు, రంగులు కలపాలంటే మూడు నాలుగు రోజులు నాననివ్వాలి. తర్వాత ముతక బట్టలో వడకట్టి, రాత్రంతా నానిన తుమ్మ జిగురును వేడినీళ్ళలో కరిగించి కలపాలి. పది లీటర్ల సున్నపు పాలకు 40 గ్రాముల జిగురు. గంజి కూడా పనిచేస్తుంది కానీ వానాకాలంలో బూజు పడుతుంది.

పదడుగుల ఎత్తు, ఇరవై అడుగుల పొడవు గోడకు మూడు పూతలు వెయ్యడానికి అయిదారు కిలోల సున్నం పడుతుంది. ప్రతి పూతకు ముందు గోడను తడపాలి, పూతకూ పూతకూ మధ్య ఒక రోజు ఎడం ఇవ్వాలి, ఒకటి నిలువుగా వేస్తే తర్వాతది అడ్డంగా వెయ్యాలి. మిట్టమధ్యాహ్నం ఎండలో వెయ్యకూడదు. ఎక్కువమంది తప్పు చేసేది చిక్కదనంలో. ఒక్క పూతతో తెల్లగా రావాలని చిక్కగా కొడతారు. ఆరాక సన్నని పగుళ్ళు వస్తాయి, ఆనుకున్నవాడి చొక్కా తెల్లబడుతుంది. పాలంత పలచగా ఉండాలి. వేసినప్పుడు గోడ కనిపిస్తుంది, భయపడకూడదు, ఆరాక తెల్లబడుతుంది. ఇంతకు ముందు ఎమల్షన్ వేసిన గోడ మీద మాత్రం సున్నం నిలవదు. పాత పొరను గీకాలి, గీకేటప్పుడు కింద పట్టా పరిచి పెచ్చులన్నీ ఏరి సంచిలో కట్టాలి.

ఇక కుంచె. పంది వెంట్రుకల కుంచెను సున్నం తినేస్తుంది. గంజాంలో మొగలి పొదలకు కరువు లేదు కదా. వేలు లావున ఉన్న మొగలి ఊడను జానెడు ముక్క కోసి, నానబెట్టి, చివర రెండంగుళాలు రాయి మీద దంచితే పీచు విడుతుంది. ఒడిశా పటచిత్రకారులు కూడా లావు గీతలకు మొగలి వేరునే వాడతారు. కొబ్బరి పీచు కుంచె పెద్ద పూతలకు సరిపోతుంది.

అన్ని రంగులూ సున్నాన్ని ఓర్చుకోవు. పసుపు కలిపితే ఏమవుతుందో పారాణి చూసిన ప్రతివాళ్ళకూ తెలుసు, ఎర్రబడుతుంది, ఆ ఎరుపు కూడా ఎండకు వెలిసిపోతుంది. పూల రంగులు, ఆకు పసర్లు నాలుగు రోజుల ముచ్చట. నిలిచేవి మన్ను రంగులు: కావిమన్ను, పచ్చమన్ను (పసుపు రంగు మన్ను), దీపపు మసి. బట్టలకు వాడే పొడి నీలిమందు కూడా నిలుస్తుంది. కిలో సున్నానికి రంగు మన్ను 100 గ్రాములు మించితే పట్టు పోయి పొడి రాలుతుంది. రంగును ముందురోజే నీళ్ళలో నానబెట్టి నూరి వడకట్టాలి. మసి నీళ్ళలో కలవదు, పైన తేలుతుంది. నాలుగు చుక్కల కుంకుడు రసం వేసి మెదిపితే లొంగుతుంది. తడి మీద ముదురుగా కనిపించిన రంగు ఆరాక సగానికి సగం పాలిపోతుంది కాబట్టి ముందు ఒక పెంకు మీద పూసి మర్నాడు చూసుకోవాలి. పచ్చమన్నులో కొద్దిగా మసి కలిపితే వచ్చే మాసిన ఆకుపచ్చే ఆలివ్ రిడ్లే (మన ఒడ్డుకు గుడ్లు పెట్టడానికి వచ్చే సముద్రపు తాబేలు) వీపు రంగు. దానికి డబ్బా రంగుతో పని లేదు.

ఇప్పుడు బొమ్మ. గోడల మీద మనకు కనిపిస్తున్నవాటిలో సగం చెరువు తాబేళ్ళు! డిప్ప బోర్లించినట్టు వీపు, ఏనుగు కాళ్ళలాంటి కాళ్ళు, చిలకపచ్చ రంగు. ఋషికుల్య నది మొగకు, అంటే నది సముద్రంలో కలిసే చోటికి, వచ్చే తాబేలుకు కాళ్ళ చోట తెడ్లుంటాయి. వీపు పైనుంచి చూస్తే ఇంచుమించు గుండె ఆకారంలో, పొడవూ వెడల్పూ దాదాపు సమానంగా ఉంటుంది. పెద్ద తాబేలు వీపు 60 నుంచి 70 సెంటీమీటర్లు, అంటే రెండు అడుగుల పైచిలుకు. నడిమి వరసకు అటూ ఇటూ ఉండే పలకలు సాధారణంగా ఆరు నుంచి ఎనిమిది జతలు. పలకలున్న మిగతా సముద్రపు తాబేళ్ళకు నాలుగో అయిదో. రోజూ తాబేలును చూసే పల్లెలో తప్పు బొమ్మ వేస్తే చేపల వేటవాళ్ళు నవ్విపోతారు, కింద రాసిన మాట కూడా ఆ నవ్వులోనే కొట్టుకుపోతుంది. అసలు కొలతకు వెయ్యడం మంచిది. కాగితం మీద సగం తాబేలు గీసి, మడిచి, గీత వెంట సూదితో చిల్లులు పొడిచి, విప్పి గోడకు పెట్టి బొగ్గుపొడి మూటతో అద్దితే రెండు పక్కలా సమంగా వస్తుంది. తోలుబొమ్మలవాళ్ళకు, చీరల మీద అద్దకం వేసేవాళ్ళకు ఈ పద్ధతి కొత్త కాదు. పిల్ల తాబేలును కూడా అసలు కొలతకే, నాలుగు సెంటీమీటర్లకే, నల్లగా వేసి పక్కన పెద్దదాన్ని వేస్తే చూసేవాళ్ళు ఆగుతారు.

అన్నిటికన్నా ముఖ్యం ఇది: బొమ్మ ఎవరికి? ధామ్రా, దేవి, ఋషికుల్య నదుల మొగల దగ్గర ఏటా నవంబరు 1 నుంచి మే 31 దాకా, ఒడ్డు నుంచి 20 కిలోమీటర్ల లోపు చేపల వేట నిషేధం. తాబేలు ఊపిరితిత్తులతో గాలి పీల్చే జీవి. ట్రాలర్ వలలో గంటల తరబడి నీటి కింద ఇరుక్కుంటే మునిగి చస్తుంది. ఆ నిషేధంలో పొయ్యి వెలగని ఇంటి గోడ మీద ‘తాబేలును చంపవద్దు’ అని రాసి రావడం ఏం మర్యాద? ఋషికుల్య దగ్గర తాబేళ్ళు గుంపులుగా వచ్చి గుడ్లు పెడతాయని 1994లో శాస్త్రవేత్తలు లోకానికి చెప్పారు. ఇక్కడి నోళియా జాలర్లకు అంతకు ముందే తెలుసు. వాళ్ళకు వద్దు అన్న మాట కాదు, వలలో తాబేలు పడితే ఏం చెయ్యాలో చూపించే బొమ్మ కావాలి. అది రోడ్డు మీద కాదు, వలలు బాగుచేసుకునే పాక గోడకు, ఐసు ఫ్యాక్టరీ దగ్గర పడవవాళ్ళు వంతు కోసం నిలబడే చోట ఉండాలి.

నాలుగు గడుల్లో ఇది వెయ్యొచ్చు. మొదటి గడిలో వల కోస్తున్న చెయ్యి. తాబేలును తెడ్డులాంటి కాలు పట్టుకుని లాగకూడదు, రెండు పక్కలా వీపు చిప్ప పట్టుకోవాలి. రెండో గడిలో కదలని తాబేలు. చచ్చిందనుకుని విసిరేయకుండా పొట్ట మీదే పడుకోబెట్టి, వెనక భాగం కింద చెక్కో చుట్టిన తాడో పెట్టి కనీసం ఆరంగుళాలు ఎత్తాలి, ఊపిరితిత్తుల్లో నీళ్ళు బయటికి వస్తాయి. వెల్లకిలా తిప్పకూడదు. మూడో గడిలో తడి గుడ్డ కప్పి నీడన ఉంచడం. ముక్కు మూయకూడదు, నీళ్ళ తొట్టిలో వెయ్యకూడదు. అప్పుడప్పుడూ ఒక పక్క మూడంగుళాలు మెల్లగా ఎత్తి దించాలి, తర్వాత రెండో పక్క. నాలుగు గంటల నుంచి 24 గంటల దాకా చూడాలి. నాలుగో గడిలో, కన్నంచు తాకితే, తోక గిల్లితే కదలిక వచ్చిన తాబేలును ఇంజను ఆపి, వలలు లేని వైపు నీళ్ళలోకి జారవిడవడం. ఒక్కో గడి నాలుగడుగుల చదరం ఉంటే చాలు. అక్షరం రాని పడవ కుర్రాడికి కూడా అర్థమవ్వాలి. వేసే ముందు బొగ్గుతో చిత్తు గీసి పడవవాళ్ళకు చూపించి, ‘ఇందులో ఏం జరుగుతోంది?’ అని అడగండి. వాళ్ళు వేరేగా చెబితే తప్పు బొమ్మదే.

దీపాల గురించి ఒక మాట. బొమ్మ రాత్రి కూడా కనిపించాలని తెల్ల ఎల్‌ఈడీ లైట్లు పెడుతున్నారు. ఇసుకలోంచి బయటపడ్డ తాబేలు పిల్లలు వెలుగున్న వైపు పాకుతాయి. చీకటి ఒడ్డున సముద్రమే వెలుగుగా ఉంటుంది కాబట్టి సముద్రం చేరతాయి. గోడ మీద లైటుంటే గోడ వైపు వస్తాయి, కుక్కలకూ కాకులకూ ఎర అవుతాయి. ఫిబ్రవరి మార్చిలో పెట్టిన గుడ్లు సుమారు 45 నుంచి 55 రోజులకు పగులుతాయి. అందుకే ఫిబ్రవరి నుంచి మే దాకా ఒడ్డుకు కనిపించే ఏ బొమ్మకూ దీపం ఉండకూడదు.

ఇసుక బొమ్మలు కూడా అంతే. పూరీలో సుదర్శన్ పట్నాయక్ ఇసుక శిల్పాలు దేశమంతా చూసింది, ఆయనకు 2014లో పద్మశ్రీ కూడా వచ్చింది. ఆ ఊపులో ప్రతి ఒడ్డునా ఇసుక తాబేలు చెయ్యాలని కుర్రాళ్ళకు ఉత్సాహం. గోపాల్‌పూర్ ఊరి ఒడ్డున చేసుకోవచ్చు. అడుగు లేని చెక్క పెట్టెలు ఒకదాని మీద ఒకటి పెట్టి, అర అడుగు మందాన తడి ఇసుక వేసి, నీళ్ళు పోసి దిమ్మిస కొట్టాలి, పై పెట్టె తీసి పైనుంచి కిందికి చెక్కుకు రావాలి. కింద మొదలుపెడితే కూలుతుంది. గులాల్ చల్లకూడదు, థర్మోకోల్ కళ్ళు అంటించకూడదు. అలంకరణ థర్మోకోల్, వంద మైక్రాన్ల లోపు పీవీసీ బ్యానర్లు 2022 జులై 1 నుంచి నిషేధమే. ఋషికుల్య మొగ దగ్గర మాత్రం ఇసుక ముట్టవద్దు. గుడ్ల గూడు అడుగున్నర లోతులో ఉంటుంది, పైన ఏమీ కనిపించదు. దిమ్మిస పోటుకు, గుంజ దిగేసరికి గూడు పోతుంది. ఇసుక తవ్విన గుంట మిగిలితే పిల్లలు అందులో పడి ఎక్కలేవు.

సీసాలు వేసే ఇనుప చేప బొమ్మ ఇప్పుడు ఫ్యాషన్. అయిదడుగుల పొడవు చేపలో లీటరు సీసాలు రెండు మూడు వందలకు మించి పట్టవు. నోరు అయిదంగుళాల గుండ్రం ఉంటే సీసా ఒక్కటే పోతుంది. వెడల్పుగా పెడితే సాయంత్రానికి కొబ్బరి బొండాలూ ఎంగిలాకులూ చేరతాయి. పొట్ట కింద తలుపుండాలి, జల్లెడ జీఐది (జింకు పూత వేసిన ఇనుముది) కావాలి, ఎవరు ఎప్పుడు ఖాళీ చేస్తారో పలక మీద ఉండాలి. ఆ మనిషి దొరకనప్పుడు చేప చేయించకపోవడమే నయం. పాత వలలతో చేసే బొమ్మలు ఎండలో పెడితే ఏడాది తిరిగేసరికి నైలాన్ పెళుసుబారి పోగులు రాలుతుంది. కప్పు కింద ఉంచి, గడువు పెట్టి విప్పేయాలి.

గజపతి, రాయగడ జిల్లాల సవర గోడ బొమ్మలను చూసి ఆ మనుషుల ఆకారాలను చెత్తబుట్టల మీదకూ ఎక్కిస్తున్నారు. ఎర్రమన్ను అలికిన గోడ మీద బియ్యప్పిండితో వేసే ఇడితాల్ వాళ్ళకు పూజ. దేవుళ్ళకూ పెద్దలకూ వేసేది. సవరలను అడిగి, వాళ్ళ చేతే, వాళ్ళు సరే అన్న బొమ్మనే వేయించి కూలి ఇవ్వాలి. బియ్యప్పిండి ఇంటి లోపలి గోడకు సరిపోతుంది, వాన తగిలే గోడ మీద నిలవదు.

రాత గురించి క్లుప్తంగా: పైన ఒడియా, కింద తెలుగు, రెండూ సమానమైన ఎత్తులో. బడికి పోయే పిల్లలు ఒడియా చదువుతారు, ఇంట్లో ముసలివాళ్ళలో చదవగలిగినవాళ్ళకు తెలుగే దారి. పదడుగుల దూరానికి అంగుళం ఎత్తు అక్షరం లెక్క. తెలుగుకు ఒత్తులుంటాయి కాబట్టి వరసల మధ్య ఇంకో సగం ఎడం వదలాలి, లేకపోతే పై వరస ఒత్తు కింది వరస గుడిలో ఇరుక్కుంటుంది. రోడ్డు పక్క గోడ మీద నాలుగైదు మాటలకు మించి ఎవరూ చదవరు.

పని కాలం నవంబరు నుంచి జనవరి దాకా. అక్టోబరు మనకు తుపానుల నెల: 2013లో ఫైలిన్ గోపాల్‌పూర్ దగ్గర 12న తీరం దాటింది, 2018లో తిత్లీ 11న పలాస దగ్గర దాటింది. పచ్చి సున్నం మీద తుపాను వాన పడితే మూడు పూతలూ కాలవ పాలు. టెండరు రాసేవాళ్ళకు మా మనవి ఏమిటంటే, మొత్తం సొమ్ము ప్రారంభోత్సవం రోజే కాంట్రాక్టరు చేతిలో పెట్టకుండా మూడోవంతు ఆపి, తర్వాతి రెండేళ్ళ పూతకు ఆ ఊళ్ళో ముగ్గు బాగా వేసే ఆడవాళ్ళకూ సున్నం కొట్టేవాళ్ళకూ ఇవ్వండి. మీ పత్రికకు కూడా ఒక మనవి. కొత్త గోడ బొమ్మ ఫోటో వేసేటప్పుడు అది ఏ రంగుతో వేశారో, మళ్ళీ పూత ఎప్పుడో అడిగి ఒక వాక్యం రాయండి. వీలైతే ఏడాది తర్వాత అదే గోడ ఫోటో ఇంకోటి వేయండి.

ఇట్లు,
కొందరు గోడ పనివారు, చిత్రకారులు
గోపాల్‌పూర్ ప్రాంతం, గంజాం జిల్లా, ఒడిశా